తవ్వని తొట్టి, అడుగునుంచి నీరు, కొమ్మనుంచి మొక్క: మొదలుపెట్టడం ఎలా

ఒక కాపు అయిపోగానే తొట్టిని గుమ్మరించి, వేళ్ళన్నీ ఏరి, మట్టిని గుల్లచేసి, కొత్త ఎరువు కలిపి మళ్ళీ నింపడం చాలామందికి అలవాటు. ఆ శ్రమ అక్కర్లేదు సరికదా, దానివల్ల నష్టం కూడా ఉంది. మట్టిలో అల్లుకున్న బూజుపోగులు తెగిపోతాయి. పాత వేళ్ళు కుళ్ళి వదిలిన సన్నటి సొరంగాలు, అంటే గాలీ నీరూ నడిచే దారులు, పూడిపోతాయి. వానపాముల బొరియలు చెదిరిపోతాయి. ఇక్కడ మనం చేయబోయేలాంటి, అడుగున నీటి నిల్వ ఉన్న తొట్టిలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ తడి దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు మట్టి రేణువుల మధ్యనుంచి పైకి ఎక్కాలి. తవ్వితే మధ్యలో గాలి బొందలు ఏర్పడి ఆ వత్తి తెగుతుంది. అందుకే ఈ పద్ధతిలో మట్టిని ఒకేసారి శ్రద్ధగా కలపాలి, ఆ తర్వాత ముట్టుకోకూడదు. కష్టమంతా మొదటి నెలలోనే.

తొట్టి తయారీ

తవ్వకుండా సాగాలంటే తొట్టి పెద్దదై ఉండాలి. 20 లీటర్ల బకెట్‌లో మట్టి త్వరగా వేడెక్కుతుంది, త్వరగా ఎండుతుంది, అందులో సూక్ష్మజీవులు సరిగా నిలదొక్కుకోలేవు. 60 లీటర్లకు తగ్గకుండా మట్టి పట్టే తొట్టి తీసుకోండి. ఇక్కడి కొలతలన్నీ 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. లోతున్న దళసరి ప్లాస్టిక్ టబ్బుకు సరిపోయేవి. వెలుతురు లోపలికి కనిపించే టబ్బు వద్దు, నీటిలో పాచి పడుతుంది. పలుచని టబ్బు అయితే మట్టి బరువుకు పక్కలు ఉబ్బుతాయి, నడుము చుట్టూ తాడు బిగించాలి.

ఇవి సమకూర్చుకోండి: 110 మి.మీ. పీవీసీ గొట్టం 56 సెం.మీ. ముక్కలు మూడు, నీళ్ళు పోయడానికి 40 మి.మీ. గొట్టం 50 సెం.మీ.; 12 మి.మీ. గొట్టం 15 సెం.మీ.; 16 మి.మీ. గొట్టం ముక్కలు రెండు, ఒక్కోటి 6 సెం.మీ.; పాలిస్టర్ బట్ట; దోమతెర ముక్కలు; ప్లాస్టిక్ కట్లు. నూలు బట్ట వాడకండి, తడిలో కొద్ది నెలలకే కుళ్ళిపోతుంది.

మూడు పెద్ద గొట్టాలకూ రెండు పక్కలా, కింది సగంలో, 5 సెం.మీ.కి ఒకటి చొప్పున 6 మి.మీ. రంధ్రాలు వేయండి. తర్వాత వాటిని టబ్బు అడుగున పొడవునా పక్కపక్కనే పరచండి. రెండేసి గొట్టాల మధ్య సుమారు 3.5 సెం.మీ. సందు ఉండాలి. మట్టి నీటిలోకి దిగే కాళ్ళు ఆ సందులే. గొట్టాలను దగ్గరకు జరిపేస్తే పైకి నీరు అందదు.

ఇప్పుడు గొట్టాలను ఒకదానితో ఒకటి కలపండి. పక్కపక్క గొట్టాలకు అడుగుకు దగ్గరగా ఎదురెదురుగా రంధ్రం చేసి, 16 మి.మీ. ముక్కను ఇటునుంచి అటు దూర్చండి. ఇది చేయకపోతే మధ్య గొట్టం మాత్రమే నిండి పొంగిపోతుంది, పక్కవి సగం ఖాళీగా ఉంటాయి, నిండిందని మీరు పొరబడతారు. తర్వాత గొట్టాలన్నిటికీ పాలిస్టర్ బట్ట చుట్టి, చివర్లు కూడా మూసి, కట్లు బిగించండి. బట్ట చుట్టేది మట్టి లోపలికి జారకుండా ఉండటానికి.

ఎక్కువైన నీరు బయటికి పోయే పొంగు రంధ్రం ఈ తొట్టికి ప్రాణం. టబ్బు పొట్టి గోడకు, మధ్య గొట్టానికి ఎదురుగా, లోపలి అడుగునుంచి సరిగ్గా 9 సెం.మీ. ఎత్తున 12 మి.మీ. రంధ్రం చేయండి. చిన్న గొట్టాన్ని అందులోంచి దూర్చి, బట్టను దాటించి, మధ్య గొట్టం లోపలిదాకా పంపండి. గోడ దగ్గరే ఆపేస్తే మట్టి చేరి మూసుకుపోతుంది. బయటి చివర కాస్త కిందికి వంగి ఉండాలి. నీటిమట్టానికీ గొట్టం పైకప్పుకూ మధ్య మిగిలే వేలెడు ఖాళీలోనే గాలి నిలుస్తుంది, వేళ్ళు ఊపిరి పీల్చేది అక్కడే. నీరు ఎక్కువ పట్టాలని రంధ్రాన్ని పైకి జరిపితే ఆ గాలి పోయి వేళ్ళు కుళ్ళుతాయి.

40 మి.మీ. గొట్టం కింది చివరను ఏటవాలుగా కోసి, మధ్య గొట్టం నెత్తిన చేసిన రంధ్రంలో నిలబెట్టండి. ఏటవాలుగా ఎందుకంటే, సమంగా కోస్తే అది అడుగుకు ఆనుకుని నీరు దిగదు. పై నోటికీ, పొంగు గొట్టం బయటి చివరకూ దోమతెర కట్టండి. నిలవ నీటిలో దోమ గుడ్డు పెట్టి పిల్ల దోమ బయటికి రావడానికి వెచ్చటి వాతావరణంలో వారం, పది రోజులు చాలు. ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

మట్టి వేయకముందే నీళ్ళు పోసి చూడండి. 9 సెం.మీ. దగ్గర పొంగాలి, మరెక్కడా కారకూడదు. మట్టి వేశాక గొట్టాల్లో నిలిచేది సుమారు 12 లీటర్లు, ఇప్పుడు సందులు కూడా నిండాలి కనుక అంతకన్నా ఎక్కువ పడుతుంది. మట్టి నిండాక కారడం కనిపెడితే మొత్తం గుమ్మరించడం తప్ప దారి ఉండదు.

ఇంకొక్క మాట. తడిసిన మట్టి, నీరు కలిపి ఈ తొట్టి 80 నుంచి 90 కిలోలు తూగుతుంది. మేడ మీదో బాల్కనీలోనో అయితే గోడకు ఆనుకుని, దూలాల మీద పడేలా, విడివిడిగా ఉంచండి. నింపాక జరపలేరు కాబట్టి చోటు ముందే ఖాయం చేసుకోండి.

మిశ్రమం

గొట్టాలు పోగా తొట్టిలో సుమారు 75 లీటర్ల చోటు మిగులుతుంది. మట్టి కుంగుతుంది కనుక 85 లీటర్లు కలపాలి. నానబెట్టి ఉబ్బిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) 35 లీటర్లు, బాగా మాగిన కంపోస్టు, వర్మీకంపోస్టు కలిపి 25 లీటర్లు, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) లేదా ప్యూమిస్ రాయి (తేలికైన బోలు రాయి) లేదా కాల్చిన ఊక 25 లీటర్లు. దీనికి వేపపిండి 200 గ్రాములు, ఎముకల పొడి 200 గ్రాములు, జిప్సం 100 గ్రాములు. తోట మట్టి, అందులోనూ బంకమట్టి, ఇందులో వద్దు. అడుగున ఎప్పుడూ తడి ఉండే చోట అది ముద్దగా మారి గాలిని ఆపేస్తుంది.

కోకోపీట్‌ను కడగకుండా వాడితే చాలామంది దెబ్బతింటారు. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. అవి కాల్షియాన్ని మొక్కకు దక్కనివ్వవు. 650 గ్రాముల ఇటుక ఒకటి 8, 9 లీటర్లకు ఉబ్బుతుంది, కాబట్టి నాలుగు ఇటుకలు కావాలి. వాటిని నీటిలో విడదీసి, రెండు మూడుసార్లు నీరు మార్చి పిండండి. ఆఖరిసారి 20 లీటర్ల నీటిలో 50 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించి, ఒక రాత్రి నానబెట్టి, మళ్ళీ మంచినీటితో కడగండి.

అన్నీ కలిపి, పిడికిట పట్టి నొక్కితే రెండు మూడు చుక్కలు మాత్రమే రాలేంత తడి చేసి, నీడలో కుప్పపోసి గోనెసంచి కప్పండి. మూడు నుంచి నాలుగు వారాలు ఆగాలి. వేపపిండి కుళ్ళేటప్పుడు కుప్ప వేడెక్కుతుంది, అమ్మోనియా వస్తుంది. ఆ దశలో మొక్క నాటితే వేళ్ళు మాడతాయి. వారానికోసారి తిరగేయండి. వేడి తగ్గి, అడవి నేల వాసన వస్తే మాగినట్టే. ఈ తిరగేయడమే ఈ మట్టికి చివరి తవ్వకం.

నింపేటప్పుడు ముందుగా సందుల్లోకి తడిమట్టి వేసి, వేళ్ళతో గట్టిగా కూరండి. మెత్తగా వదిలేసిన సందు నీటిని పైకి లాగదు. అడుగున కంకర, పెంకులు వేసే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు, తడి కంకరను దాటి పైకి ఎక్కలేదు. గొట్టాల పైన మిగతా మట్టిని నొక్కకుండా, అంచుకు రెండు వేళ్ళు తక్కువగా నింపండి. పైనుంచి నెమ్మదిగా నీళ్ళు పోస్తూ, పొంగు గొట్టంలోంచి నీరు వచ్చేదాకా తడపండి. మొదటిసారి పైనుంచి తడపకుండా అడుగున మాత్రమే పోస్తే పొడి మట్టి నీటిని అందుకోదు.

పైన ఎండుగడ్డి, ఎండాకులు 5 సెం.మీ. మందాన పరచండి. తవ్వని పద్ధతిలో ఈ కప్పు తప్పనిసరి. ఎరువు పైనే వేస్తాం కనుక పైపొర తడిగా ఉంటేనే అది కుళ్ళి కిందికి దిగుతుంది. ఎండిపోయిన పైపొరలో ఎంత కంపోస్టు వేసినా అలాగే పడి ఉంటుంది. అడుగునుంచి నీరు అందే తొట్టిలో పై రెండు వేళ్ళ మందం ఎండటం సహజం. అందుకే వారానికోసారి ఒకటి రెండు లీటర్లు పైనుంచి కూడా చిలకరించండి. నీటి నిల్వ ఉందిగా అని దీన్ని మానేస్తే మొక్క పచ్చగానే ఉంటుంది, మట్టి మాత్రం ఆకలితో ఉంటుంది.

కొమ్మనుంచి మొక్క

విత్తనం వేయొచ్చుగా అంటే, వేయొచ్చు. కానీ హైబ్రిడ్ టమాటా విత్తనం దాస్తే వచ్చే మొక్క తల్లిలా ఉండదు, కొమ్మ నాటితే అచ్చం తల్లే. పైగా నారు ఎదిగే వారాలు కలిసొస్తాయి. టమాటా, తులసి, పుదీనా, బచ్చలి, చిలగడదుంప, రంగురంగుల ఆకుల కోలియస్ సులువుగా వేళ్ళు పోస్తాయి. మందారం, మల్లె ఓపిక కోరుతాయి. చిక్కుడు, ముల్లంగి, క్యారెట్ లాంటివి విత్తనంతోనే బాగు.

ముందు తల్లిమొక్కను చూడండి. ఆకుముడత, పసుపు మచ్చలు, గిడసబారిన చిగుళ్ళు ఉంటే దాని జోలికి పోవద్దు. వైరస్ కొమ్మతోపాటే వస్తుంది, కడిగినా పోదు, మందుకు లొంగదు. కత్తెరను ఒక్కో తల్లికీ మధ్య శుభ్రం చేయండి. 70 శాతం ఆల్కహాల్ చాలా తెగుళ్ళకు సరిపోతుంది. పొగాకు మొజాయిక్ వైరస్‌కు మాత్రం అది చాలదు. టమాటా, మిరప కుటుంబపు మొక్కలకు ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం, తొమ్మిది వంతుల నీరు కలిపి, కత్తెరను అందులో ఒక నిమిషం ముంచి కడగండి.

కొమ్మ కోయడానికి తెల్లవారు జాము, పొద్దున్నే మంచి వేళ, అప్పుడే కొమ్మ నిండా నీరుంటుంది. పూలు లేని కొమ్మ ఎంచుకోండి. పూత ఉంటే బలం అటే పోతుంది. టమాటాకైతే ఆకు పంగలో వచ్చే పక్క పిలకలు భేషుగ్గా పనికొస్తాయి. 10 నుంచి 12 సెం.మీ. పొడవు, రెండు మూడు కణుపులు ఉండాలి. కణుపుకు కొంచెం కిందుగా, పదునైన బ్లేడుతో ఒకే వేటుకు కోయండి. చాలా మొక్కల్లో వేళ్ళు ముందుగా వచ్చేది కణుపు దగ్గరే. మొద్దు కత్తెర నలిపితే అక్కడే కుళ్ళు మొదలవుతుంది. కింది ఆకులు తీసేసి, పైన రెండు మూడు ఉంచండి. పెద్ద ఆకులైతే సగానికి కోయండి. వేళ్ళు లేని కొమ్మ నీరు తాగలేదు, ఆకు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటుంది. కొమ్మలు వాడి చచ్చిపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

వేళ్ళ హార్మోను పొడి లేత కొమ్మకు 0.1 శాతం ఐబీఏ (వేళ్ళు పుట్టించే హార్మోను, ఇండోల్ బ్యుటిరిక్ యాసిడ్) ఉన్నది, కాస్త ముదిరినదానికి 0.3 శాతం ఉన్నది చాలు. డబ్బాలో ముంచకుండా కొంచెం పొడి వేరే తీసి అద్దండి, ఎక్కువైనది దులిపేయండి. మోతాదు పెరిగితే కొమ్మ అడుగు నల్లబడుతుంది. పొడికి బదులు కొందరు తేనె అద్దుతారు, కానీ తేనెలో వేళ్ళు పుట్టించే హార్మోను లేదు. పుదీనా, టమాటాలకు ఏ పొడీ అక్కర్లేదు.

చిన్న కప్పుల్లో కోకోపీట్, పెర్లైట్ సమంగా కలిపి నింపండి. ఎరువు వద్దు. ఒక్కో కప్పు అడుగున రంధ్రం చేసి, పాలిస్టర్ తాడు ముక్కను సగం లోపలికి, సగం బయటికి ఉండేలా వేయండి. ఆ కప్పుల్ని నీళ్ళున్న పళ్ళెం పైన జల్లెడలాంటి దానిమీద నిలబెట్టి, తాడు మాత్రమే నీటిలో తగిలేలా చూడండి. పెద్ద తొట్టి సూత్రమే ఇక్కడా: కొమ్మ అడుగు తడిలో ఉండాలి, నీటిలో మునగకూడదు. పుల్లతో ముందుగా రంధ్రం చేసి, ఒక కణుపైనా లోపలికి పోయేలా కొమ్మను దింపి, చుట్టూ నొక్కండి. పైన పారదర్శకమైన డబ్బా బోర్లించండి. మంచి వెలుతురున్న నీడ కావాలి. ఎండ తగిలితే డబ్బా లోపల ఉడికిపోతాయి. 21 నుంచి 26 డిగ్రీల వేడి అనువైనది. రోజూ ఒకసారి డబ్బా ఎత్తి గాలి మార్చండి, రాలిన ఆకు కనిపిస్తే తీసేయండి.

పుదీనా, టమాటా వారం, పది రోజుల్లో వేళ్ళు వేస్తాయి. కోలియస్‌కు రెండు వారాలు, మందారానికి మూడు నుంచి ఐదు వారాలు పడుతుంది. పీకి చూడొద్దు. కొమ్మను మెల్లగా పైకి లాగితే బిగుతుగా అనిపించినా, కొత్త చిగురు వచ్చినా వేళ్ళు పట్టినట్టే. గ్లాసు నీటిలోనే వేళ్ళు వేయించేవాళ్ళు అవి 2, 3 సెం.మీ. రాగానే మట్టిలోకి మార్చాలి. అందంగా ఉన్నాయని చెయ్యెడు పెరగనిస్తే ఆ నీటి వేళ్ళు మట్టికి అలవాటు పడలేక మొక్క వాడిపోతుంది.

వేళ్ళు పట్టాక డబ్బాను మొదటిరోజు అరగంట తీయండి, మర్నాడు గంట, అలా పెంచుకుంటూ వారానికి పూర్తిగా తీసేయండి. ఒక్కసారిగా తీస్తే సాయంత్రానికల్లా తలవాలుస్తాయి.

నాటడం, కాపు మారడం

కప్పిన గడ్డిని పక్కకు నెట్టి, వేళ్ళముద్ద పట్టేంత గుంట మాత్రమే చేత్తో తీయండి. మైకోరైజా (వేళ్ళతో కలిసి బతికే మేలుచేసే బూజు) పొడి ఉంటే వేళ్ళకే తగిలేలా అద్దండి, పైన చల్లితే వృథా. నాటి, లీటరు నీళ్ళు పోసి, కాండానికి 3 సెం.మీ. దూరం వదిలి గడ్డి మళ్ళీ కప్పండి. తొలి రెండు వారాలు పైనుంచే నీళ్ళు పోయాలి. కొత్త వేళ్ళు అడుగు తడిదాకా దిగకముందే నిల్వ నీటిమీద భారం వేస్తే మొక్క ఎండుతుంది. ఇంత తొట్టికి టమాటాలు రెండుకు మించి వద్దు.

కాపు అయిపోయాక మొక్కను పీకకండి. మట్టి మట్టానికి కాండం కోసేసి, వేళ్ళను లోపలే వదిలేయండి. ఆ పైన 2 సెం.మీ. మందాన, అంటే సుమారు 5 లీటర్ల కంపోస్టు పరచి, 60 గ్రాముల వేపపిండి చల్లి, తడిపి, గడ్డి కప్పండి. జబ్బులేని పాత ఆకులను ముక్కలు చేసి అక్కడే పరచవచ్చు. రెండు వారాలాగి, పాత మోడుకు 10 సెం.మీ. పక్కన కొత్త మొక్క నాటండి. మధ్యలో ఖాళీ కాలం ఎక్కువుంటే పెసలో మెంతులో చల్లి, పూతకు ముందే కోసి అక్కడే పరచండి. ఈ నియమానికి ఒకే మినహాయింపు ఉంది: వేళ్ళమీద బుడిపెలు కట్టే నులిపురుగు, హఠాత్తుగా వాడిపోయే ఎండుతెగులు ఉంటే వేళ్ళతో సహా తీసి పారేయాలి. అలాంటి తొట్టిలో మళ్ళీ అదే కుటుంబపు మొక్క పెట్టకండి.

నీరు నడిపించడం

ఎండాకాలంలో కాపుమీదున్న టమాటా ఒక్కటే రోజుకు 2 నుంచి 4 లీటర్లు తాగుతుంది. కాబట్టి 12 లీటర్ల నిల్వ ఒక మొక్కకు మూడు నుంచి ఆరు రోజులు, రెండింటికి అందులో సగం. గొట్టంలో పుల్ల దించి మట్టం చూసుకోండి. అడుగంటిన తర్వాత ఒక పూట ఆగి నింపితే మంచిది, ఆ వ్యవధిలో గాలి లోపలికి చేరుతుంది.

ఊరెళ్ళాల్సినవాళ్ళు, తొట్లు ఎక్కువున్నవాళ్ళు ఫ్లోట్ వాల్వ్ (నీరు నిండగానే తనంతట తానే మూసుకునే కవాటం) పెట్టుకోవచ్చు. తొట్లన్నీ ఒకే మట్టంలో ఉంచి, అడుగు దగ్గర 16 మి.మీ. నల్ల గొట్టంతో కలిపి, చివర ఒక చిన్న డబ్బాలో ఫ్లోట్ వాల్వ్ బిగించండి. దానికి మీటరు ఎత్తున పెట్టిన ట్యాంకునుంచి, వడపోత గుండా నీరు రావాలి. తొట్లలో ఏ ఒక్కటైనా రెండు వేళ్ళ ఎత్తు పల్లంగా ఉన్నా అందులో నీరు పొంగుతూనే ఉంటుంది, కాబట్టి మట్టం సరిచూడటంలో బద్ధకించకండి. ఈ పద్ధతిలో నీరు ఎప్పుడూ తగ్గదు గనుక మట్టాన్ని 9 కాకుండా 5 సెం.మీ. దగ్గరే ఆపండి. వాల్వ్ ఇరుక్కుంటే ట్యాంకు మొత్తం ఖాళీ అవుతుంది. పొంగు గొట్టాలు నీరు పోయే చోటికి దారి చూపాలి. కనీసం ఒక రోజు దగ్గరుండి గమనించాకే వదిలి వెళ్ళండి.

నీటి నిల్వలో మంచినీరు తప్ప ఏమీ పోయకండి. చేపల ఎరువు, పేడనీళ్ళు, బెల్లం కలిపిన ద్రావణాలు గాలి ఆడని చోట కుళ్ళి కంపు కొడతాయి, వేళ్ళను చంపుతాయి. ద్రవ ఎరువు ఇవ్వాలంటే పైనుంచి, పలచగా.

తేడా కనిపిస్తే

నిల్వ నిండా నీరున్నా మొక్క వాడుతుంటే వేలును 10 సెం.మీ. లోతుకు దింపి చూడండి. పొడిగా ఉంటే వత్తి తెగింది: సందులు సరిగా కూరలేదు, లేదా ఒకసారి పూర్తిగా ఎండిపోయింది. పైనుంచి నెమ్మదిగా 10 లీటర్లు పోసి మళ్ళీ అతుకు పెట్టండి. తడిగా ఉండి కుళ్ళు వాసన వస్తుంటే పొంగు గొట్టం మూసుకుపోయి ఉంటుంది. తీగతో కెలికి తెరిచి, నాలుగైదు రోజులు నీరు నింపకండి.

గడ్డికింద మట్టిమీద తెల్లటి పొర కడితే అవి చాలాసార్లు లవణాలే. నీరు ఎప్పుడూ కిందినుంచి పైకే నడుస్తుంది కనుక ఉప్పు పైన పేరుకుంటుంది. మూడు నెలలకోసారి 15, 20 లీటర్లు పైనుంచి పోసి, పొంగు గొట్టంలోంచి బయటికి పోనివ్వండి. గట్టి వాన పడితే ఆ పని అదే చేస్తుంది.

టమాటా కాయ అడుగు నల్లగా కుంగిపోతే సున్నం చల్లడానికి ముందు నీటి లెక్క చూడండి. కాల్షియం మట్టిలో ఉన్నా తడి ఒకరోజు ఎక్కువై, ఒకరోజు ఎండిపోతుంటే కాయదాకా చేరదు. నిల్వను రెండేసి రోజులు ఖాళీగా వదిలేసే తొట్లలోనే ఇది ఎక్కువ. నల్లబడ్డ కాయలు కోసేసి, తడి నిలకడగా ఉంచితే తర్వాతి గుత్తులు బాగుంటాయి.

చిన్న నల్ల ఈగలు మట్టిమీద ముసురుతుంటే పైపొర మరీ తడిగా ఉందన్నమాట. పైనుంచి చిలకరించడం రెండు వారాలు ఆపి, పసుపు జిగురు అట్టలు పెట్టండి. కొమ్మలు వేళ్ళు పోస్తున్న కప్పుల దగ్గర వీటిని అసలు రానివ్వకండి. వీటి పిల్లపురుగులు అప్పుడే పుట్టిన లేత వేళ్ళను కూడా తినేస్తాయి.

టమాటా, తులసి లాంటి తల్లిమొక్కను ఆరు నుంచి ఎనిమిది నెలలకు మించి ఉంచుకోకండి. ముదిరేకొద్దీ కొమ్మలు బిరుసెక్కి వేళ్ళు ఆలస్యంగా వస్తాయి, తెగుళ్ళు కూడా చేరతాయి. వేళ్ళు పోసిన కొమ్మల్లో అన్నిటికన్నా నిటారుగా, దగ్గర కణుపులతో ఎదుగుతున్నదాన్ని ఒకటి కొత్త తల్లిగా పక్కన పెట్టి, చీటీ మీద తేదీ రాసి కట్టండి.